టిక్కుమన్నది చెవి కాదు బావా

పెదవాల్తేరు, విశాఖపట్నం
ఆదివారం మధ్యాహ్నం

ఒరే బావా,

నిన్న రాత్రి ఫోన్లో నీకు సగం జవాబే ఇచ్చాను. పక్కగదిలో అమ్మ పడుకుంది, గట్టిగా మాట్లాడలేకపోయాను. అయినా ఇది ఫోన్లో తేలే సంగతి కాదు. అన్నం తింటుంటే కుడి చెవిలో టిక్కు టిక్కుమంటోందన్నావు. చెవి డాక్టరు లైటేసి చూసి, చెవి శుభ్రంగా ఉంది, ఏమీ లేదు పొమ్మన్నాడన్నావు. "ఏమీ లేకపోతే ఆ చప్పుడేటిరా, నాకేమైనా మతి చెడిందా" అన్నావు చూడు, ఆ మాట రాత్రంతా నన్ను వదల్లేదు. నీ మతికేం కాలేదు. ఆ డాక్టరు చెప్పిందీ నిజమే. చప్పుడు చేస్తున్నది చెవి కాదు, చెవికి ముందు ఆనుకుని ఉన్న దవడ కీలు. పదిహేడేళ్లుగా మెడికల్ కాలేజీ పిల్లలకి ఎముకలు చూపిస్తున్నాను కదా, ఆ పాఠాలన్నిట్లో నాకు బాగా ఇష్టమైనది ఇదే. అందుకని తీరిగ్గా కూర్చుని చదువు. చెల్లెమ్మని కూడా పిలువు, ఆవిడతో పని పడుతుంది.

ముందు చెయ్యి కడుక్కురా. చెవి రంధ్రానికి ముందు ఒక మెత్తటి బొడిపె ఉంటుందే, దానికి వేలి వెడల్పు ముందు, రెండు పక్కలా చూపుడు వేళ్లు ఆనించు. ఇప్పుడు నెమ్మదిగా నోరు తెరువు. మొదట్లో వేళ్ల కింద ఏదో ఉన్నచోటే తిరిగినట్టుంటుంది. ఇంకా తెరువు. ఆ గుండ్రటిది ముందుకి జారిపోయి, అదున్న చోట చిన్న గుంట పడుతుంది. మూస్తే మళ్లీ వచ్చి అక్కడే కూర్చుంటుంది. అదే నీ కింది దవడ ఎముక కొస. మేము కాండైల్ అంటాం. తాకావు కదా, ఇంక మిగిలినదంతా సులువు.

దవడ తలుపులాంటిది, బందు మీద తిరుగుతుంది అనుకుంటారు అందరూ. మోచెయ్యి అలాంటిదే, దవడ మాత్రం కాదు. నోరు తెరవడంలో మొదటి రెండు, రెండున్నర సెంటీమీటర్లు ముఖ్యంగా బందులాగే తిరుగుతుంది. ఆ తర్వాత సొరుగు లాగినట్టు ఎముకంతా ముందుకి, కిందికి జారుతుంది. ఆ జారుడు లేకపోతే నువ్వు జామకాయ కొరకలేవు, ఉండ్రాయి నోట్లో పెట్టుకోలేవు. పెద్దవాళ్లలో పై పళ్లకీ కింది పళ్లకీ మధ్య నోరు మామూలుగా 40 నుంచి 50 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది. ఎవరి మూడు వేళ్లు వాళ్ల నోట్లో నిలువుగా పట్టాలన్నది దానికి ఇంటి కొలత.

మా ఎముకల గది కిటికీ సముద్రం వైపుంటుంది. ప్రతి ఏడూ కొత్త బ్యాచి రాగానే ఒక పుర్రె తీసి ఆ వెలుగుకి ఎత్తి పట్టుకుంటాను. కాండైల్ కూర్చునే గుంట కణత ఎముకలో ఉంటుంది. కింద నుంచి చూస్తే, ఆ గుంట కప్పులోంచి ఎర్రగా వెలుగు దూరుతుంది, పల్చటి పింగాణీ కప్పులోంచి దూరినట్టు. దానికి అవతల మెదడు. పిల్లలు ఒక్కసారిగా నిశ్శబ్దమైపోతారు. రాయిలాంటి వక్కని కూడా నమిలేసే దవడ అంత పల్చటి కప్పు కింద ఎలా ఆనుతోంది సార్ అని ఎవరో ఒకరు అడిగి తీరతారు. ఆనేది అక్కడ కాదు. గుంటకి ముందు దిట్టమైన ఎముక గట్టు ఒకటుంది. నమిలేటప్పుడు బరువు పడేది ఆ గట్టు వెనక వాలు మీద. పుట్టిన పిల్లల్లో ఈ గట్టు ఉండదు, అక్కడంతా చదునే. పాలు తాగడానికి దవడ ముందుకీ వెనక్కీ జారితే చాలు కదా. పళ్లు వస్తున్నకొద్దీ గట్టు లేస్తుంది. పళ్లూ ఈ కీలూ కలిసి పెరిగే జత అన్నమాట.

ఎముకకీ ఎముకకీ మధ్య ఒక బిళ్ల ఉంటుంది. నీ టిక్కు కథంతా దాంట్లోనే ఉంది కాబట్టి ఇక్కడ కాస్త ఆగు. అత్త చెక్కలు చేసేటప్పుడు పిండి ఉండ తీసుకుని అరచేతిలో పెట్టి, మధ్యలో బొటనవేలితో నొక్కడం చూశావు కదా? నడుమ పల్చన, అంచులు దళసరి. ఈ డిస్క్ అచ్చం అలాగే ఉంటుంది. వెనక అంచు మరీ మందం. కాండైల్ తల ఆ నొక్కులో కూర్చుంటుంది. డిస్క్ వల్ల కీలు రెండు అంతస్తులవుతుంది. కింది అంతస్తులో కాండైల్ డిస్క్ కింద తిరుగుతుంది, పై అంతస్తులో డిస్కూ కాండైలూ కలిసి గట్టు మీదుగా జారతాయి. ఇందాక నీ వేళ్లకి తెలిసిన తిరగడం, జారడం ఈ రెండు అంతస్తులవే. రెండిట్లోనూ కోడిగుడ్డు తెల్లసొనలాంటి జిగురు నీరు తడిపెడుతుంటుంది. డిస్క్ నడిమి భాగంలో నరాలూ రక్తనాళాలూ ఉండవు, కాబట్టి ఎంత నొక్కుకున్నా నొప్పి తెలీదు. దాని వెనకున్న మెత్తటి కండకి మాత్రం నరాలూ రక్తమూ దండిగా ఉంటాయి. కాండైల్ అక్కడ ఒత్తిందా, ప్రాణం జివ్వుమంటుంది.

ఇంకో సంగతి. ఒంట్లో ఏ కీలు పని ఆ కీలుదే, కుడి మోకాలు ముడిచినా ఎడమది ఊరుకుంటుంది. దవడ మాత్రం కావడి బద్దలాంటిది, ఒకే ఎముకకి రెండు కొసలు. ఒక కొస కదిలితే రెండోది ఊరుకోదు. కుడిపక్క నమిలినప్పుడు గడ్డం కుడికి వెళ్తుంది, ఎడమ కాండైల్ గట్టు మీదుగా ముందుకి జారుతుంది. అంటే నువ్వు ఒకే పక్క నమిలితే రెండో పక్కకి సెలవు దొరికినట్టు కాదు, దానికి వేరే రకం చాకిరీ. ఎడమ దవడ పన్ను పీకించుకున్నప్పటినుంచీ కుడివైపే తింటున్నానన్నావు, గుర్తుందా?

ఇక కండరాలు. నమలడానికి ముఖ్యమైనవి పక్కకి నాలుగు. పళ్లు బిగించి చెంప వెనక భాగాన చెయ్యి పెడితే గడ్డలా లేస్తుందే, అది మాసెటర్. గ్రీకులో నమిలేది అని దాని అర్థం. కణత మీద పరుచుకున్నది టెంపొరాలిస్, అచ్చం తాటాకు విసనకర్ర. పుర్రె పక్కనంతా విప్పుకుని, కిందికి వస్తూ కూడుకుని, చెంప ఎముక వంపు కిందుగా దూరి, కాండైల్‌కి ముందున్న ఇంకో కొమ్ముని పట్టుకుంటుంది. ముందు ఈనెలు దవడని పైకి లేపుతాయి, వెనక ఈనెలు వెనక్కి లాగుతాయి. పెళ్లి పంక్తిలో ఎదురు వరస పెద్దమనుషుల కణతలు చూడు, లడ్డూకి ఒకలా, గారెకి ఇంకోలా ఆడుతుంటాయి. నేను సింహాచలం కొండ మీద ఒక పెళ్లిలో అన్నం మర్చిపోయి అదే చూస్తూ కూర్చున్నాను.

మూడోది దవడకి లోపలివైపు, బయట మాసెటర్‌కి జోడీగా ఉంటుంది. పేరు మీడియల్ టెరిగాయిడ్. రెండూ కలిసి దవడ మూలని ఉయ్యాలలా మోస్తాయి. నాలుగోది లేటరల్ టెరిగాయిడ్, నాకు దాని మీద ప్రత్యేకమైన మమకారం. మిగిలిన మూడూ దవడని పైకెత్తే జాతి. ఇదొక్కటీ అడ్డంగా పడుకుని, కాండైల్ మెడ పట్టుకుని ముందుకి లాగుతుంది. నువ్వు నోరు బార్లా తెరిచినప్పుడల్లా ఆ జారుడు దీని పుణ్యమే. ఇది పుట్టే ఎముక రెక్కలు విప్పిన గబ్బిలంలా ఉంటుంది. టెరిగాయిడ్ అంటే రెక్కలాంటిది అనే. కుడి పక్కది ఒక్కటే లాగితే గడ్డం ఎడమకి పోతుంది. ఒకసారి అటూ ఒకసారి ఇటూ లాగుతూపోతే, అదే విసరడం. అవును, తిరగలి విసరడమే.

మా వీధి మలుపులో రోడ్డుకి అడ్డంగా పడుకుని నెమరేసే ఆవు ఒకటుంది. స్కూటర్లన్నీ దాన్ని చుట్టుకుని పోతాయి. కింది దవడని పక్కకి తీసుకెళ్లి, గుండ్రంగా తిప్పి తెస్తుంది. గడ్డి నలగాలంటే పక్క కదలిక కావాలి, అందుకే ఆవుకి మాసెటర్ పెద్దది. కుక్కని చూడు, దాని కీలు దాదాపు పూర్తిగా బందే, పైకీ కిందికీ తప్ప పక్కకి కదలడం బహు తక్కువ. కరిచి పట్టుకోవాలి కాబట్టి దానికి కణత కండరం పెద్దది. మనవి రెండు పనులూ చేసే దవడలు. సంక్రాంతికి నువ్వు చెరుకుగడ పళ్లతో చీల్చడం ఆ పనే, ముర్రీ మిక్చరు గంటసేపు నములుతూ ఆర్కే బీచి గోడ మీద కూర్చోవడం ఈ పనే.

ఈ నాలుగు కండరాలకీ ఒకటే నరం. మెదడు నుంచి నేరుగా బయల్దేరే నాడుల్ని కపాల నాడులంటాం. వాటిలో ఐదోదాని మూడో కొమ్మ ఇది, పుర్రె అడుగున కోడిగుడ్డు ఆకారం కన్నంలోంచి దిగుతుంది. నవ్వుకీ ఏడుపుకీ పనిచేసే మొహం కండరాలు మాత్రం ఏడో నాడివి. అందుకే మూతి వంకరపోయినవాళ్లు కూడా నమలగలరు. కాకపోతే చెంప కండరం ఏడో నాడిదే కాబట్టి మెతుకులు చెంపకీ పళ్లకీ మధ్య ఇరుక్కుంటాయి. నమిలేటప్పుడు ముద్దని పళ్ల మీదికి తోసేది ఆ చెంపా, అటుపక్క నాలుకా. మనకి తెలీకుండా ప్రతి ముద్దకీ ఇంత ఏర్పాటు జరుగుతోంది.

అన్నంలో రాయి తగిలినప్పుడు ఏమవుతుందో ఎప్పుడైనా ఆలోచించావా? కసుక్కుమంటుంది. "రాయి" అని నీకు అర్థమయ్యేలోపలే దవడ తెరుచుకుని ఉంటుంది. పంటి వేరునీ ఎముకనీ కలిపే సన్నటి నార ఉంది, దాంట్లో ఒత్తిడి కనిపెట్టే నరాల కొసలున్నాయి. ఆ కబురు మెదడు కాండానికి, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే అడుగు భాగానికి పోవడం, ఎత్తే కండరాలు చప్పున వదిలెయ్యడం రెప్పపాటు కంటే ముందే అయిపోతాయి. ఆ నరాల్లో చాలావాటికి ఒక విశేషం ఉంది. మామూలుగా స్పర్శ మోసే నరకణాలు మెదడుకీ వెన్నుపాముకీ బయట గుంపులుగా ఉంటాయి. దవడ కండరాల సాగుడునీ పళ్ల మీది ఒత్తిడినీ చెప్పే ఈ కణాలు మాత్రం మెదడు కాండం లోపలే కూర్చున్నాయి. ఇది చెప్పేటప్పుడు పదిహేడో ఏడు కూడా నా గొంతు మారుతుంది.

ఇప్పుడు మీ అత్త, అదే మా అమ్మ సంగతి. అప్పట్లో నీకు పూర్తిగా చెప్పలేదు, కంగారు పడతావని. రెండేళ్ల కిందట కార్తీక మాసం, తెల్లవారుజామున తలస్నానానికి లేచింది. మంచం మీద కూర్చుని పెద్దగా ఆవలించింది. అలవాటు ప్రకారం నోటి ముందు చిటికెలు వేసింది. చిటికెలు అయిపోయాయి, నోరు మూతపడలేదు. గడ్డం ముందుకొచ్చేసింది, లాలాజలం కారిపోతోంది, మాట ముద్దగా వస్తోంది. కళ్లనీళ్లు పెట్టుకుని చేత్తో నోరు చూపిస్తోంది. ఆటోలో దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే, పక్షవాతం కావచ్చు, తలకి స్కాన్ తీయించండి అన్నారు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని రెండున్నర గంటలు బెంచీ మీద కూర్చుంది. నేను పక్కనే కూర్చుని చెయ్యి పట్టుకున్నాను తప్ప, అప్పటిదాకా నాకేమీ తోచలేదు. తర్వాత చెమట తుడుస్తుంటే నా వేళ్లు అమ్మ చెవుల ముందుకి వెళ్లాయి. రెండు పక్కలా గుంటలు! నోరు తెరిచినప్పుడు పడి, మూసినప్పుడు పూడిపోవాల్సిన గుంటలు అలాగే ఉండిపోయాయి. కాండైళ్లు గట్టు దాటి అవతలికి దిగిపోయాయి. వయసు మీద పడితే కీలుని పట్టి ఉంచే తీగలు వదులవుతాయి. ఎత్తే కండరాలు బిగుసుకుని దవడని పైకి లాగుతుంటాయి, గట్టు అడ్డం కాబట్టి అది వెనక్కి రాలేదు. అక్కడివాళ్లకి చెప్పాను. స్కాన్ అయ్యాక చూద్దామన్నారు. నేను వినలేదు, అమ్మని లేపుకుని దవడ ఆపరేషన్లు చేసే ఒక డెంటల్ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాను.

ఆ అమ్మాయికి ముప్ఫై ఏళ్లుంటాయేమో. అమ్మని ఎత్తు తక్కువ కుర్చీలో, తల వెనక్కి ఆనేలా కూర్చోబెట్టింది. రెండు బొటనవేళ్లకీ గాజుగుడ్డ దళసరిగా చుట్టుకుంది. కీలు పడ్డప్పుడు పళ్లు టక్కున మూసుకుంటే వేలు నలిగిపోతుంది మరి. బొటనవేళ్లు కింది దవడ పళ్ల మీద, మిగిలిన వేళ్లు గడ్డం కింద పెట్టింది. "పెద్దమ్మా, భుజాలు వదిలెయ్యండి, ముక్కుతో ఊపిరి తీసుకోండి" అంటూ మాటల్లో పెట్టింది. ముందు కిందికి, బలంగా కాదు, విడవకుండా నొక్కుతూనే ఉంది. కండరం అలిసి వదులు ఇచ్చిన క్షణం ఆవిడ చేతులకి తెలిసింది, వెంటనే వెనక్కి తోసింది. ఒక పక్క టక్, రెండో పక్క టక్. అమ్మ నోరు మూసుకుంది. మూసుకుని మొట్టమొదట అన్న మాట: "నీ చేతులు చల్లగుండా తల్లీ."

ఇంటికొచ్చి పాత పుస్తకాలు తిరగేశాను. ఎడ్విన్ స్మిత్ పాపిరస్ అని ఈజిప్టుది ఒకటుంది, సుమారు క్రీ.పూ. 1600 నాటిది. జారిన దవడని ఎలా పెట్టాలో అందులో రాసి ఉంది, బొటనవేళ్లు నోటి లోపల, మిగిలిన వేళ్లు గడ్డం కింద. హిపోక్రటీస్ పేరుతో ఉన్న గ్రీకు గ్రంథాల్లోనూ దాదాపు అదే పద్ధతి. మూడున్నర వేల ఏళ్ల కింద ఎవరో ఒక తల్లి నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయి ఉంటుంది, ఎవరో ఒకరు అలాగే వేళ్లు పెట్టి ఉంటారు. ఆ రోజు నేను చాలాసేపు ఆ పేజీ మూయలేకపోయాను. ఇప్పుడు అమ్మ ఆవలిస్తే ఎడం చెయ్యి గడ్డం కింద పెట్టి ఆపుకుంటుంది, కుడి చేత్తో మాత్రం చిటికెలు మానలేదు.

మరి కీలు సంగతికి చెవిలో ఎందుకు తెలుస్తోంది అంటావా? ఒకటి, పొరుగు. కీలు వెనక గోడకి అవతలే చెవి దారి. కీలుకి స్పర్శనిచ్చే నరమే చెవి ముందు భాగానికీ కొమ్మలిస్తుంది, అందుకే ఇక్కడి నొప్పి చెవి నొప్పిలా తోస్తుంది. 1934లో జేమ్స్ కాస్టెన్ అనే అమెరికా చెవి డాక్టరు, చెవి బాధతో వచ్చిన కొందరిలో మూలం దవడ కీలు దగ్గరుందని రాశాడు. ఆయన చెప్పిన కారణం తర్వాత నిలబడలేదు గానీ, అందరి చూపూ ఇటు తిప్పింది ఆయనే.

రెండోది ఇంకా పాత చుట్టరికం. బల్లికీ మొసలికీ దవడ కీలు వేరే రెండు ఎముకల మధ్య ఉంటుంది. పాలిచ్చే జంతువులు రూపుదిద్దుకునే క్రమంలో మనకి ఈ కొత్త కీలు ఏర్పడింది. పాత కీలు ఎముకలు రెండూ చిన్నవై చెవిలోకి జరిగి, శబ్దాన్ని మోసే సుత్తి, దాగలి ఎముకలయ్యాయి. 1837లో రైఖర్ట్ అనే జర్మన్ శాస్త్రవేత్త పిండాలు పరిశీలించి ఈ సంబంధం తేల్చాడు. అంటే నా మాట వింటున్న నీ చెవిలో పాత దవడ ఉందిరా.

ఇక నీ టిక్కు. డిస్క్ ఉండాల్సిన చోటు నుంచి కాస్త ముందుకి జారి ఉంటుంది. నోరు తెరిచేటప్పుడు కాండైల్ దాని మందపాటి వెనక అంచు ఎక్కి నొక్కులో పడుతుంది, అదే టిక్కు. మూసేటప్పుడు మళ్లీ జారిపోతుంది, అప్పుడు ఇంకో చిన్న చప్పుడు. చాలామందికి ఇది ఉంటుంది. నొప్పి లేకుండా, నోరు పూర్తిగా తెరుచుకుంటూ ఉంటే ఊరికే చప్పుడు కోసం వైద్యం అక్కర్లేదు. అయితే ఒకరోజు టిక్కు హఠాత్తుగా ఆగిపోయి, నోరు రెండు వేళ్లే పడుతోందనుకో, తగ్గిందని సంబరపడకు. డిస్క్ అడ్డం పడి కాండైల్ ఎక్కలేకపోతోందని అర్థం. అప్పుడు రోజులు గడపకుండా దవడ చూసే డెంటల్ డాక్టరు దగ్గరికి వెళ్లు.

ఈలోగా నా మాట విను. పెదాలు కలిసుండాలి, పళ్లు విడిగా ఉండాలి. నాలుక కొస పై పళ్ల వెనక ఆనించి "న" అని అక్కడే వదిలెయ్యి, దవడ దానంతటదే వేలాడుతుంది. పళ్ల మధ్య రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్ల సందు ఉండటమే దాని సహజ విశ్రాంతి. నువ్వు లెక్కలు చూసేటప్పుడు పళ్లు బిగిస్తావు, స్కూల్లోనే చూశాను. చెంప మీద పిడికిలి ఆనించి ఫోను చూడటం మానెయ్యి. సాయంత్రం పూట వేడినీళ్లలో ముంచి పిండిన గుడ్డ పది నిమిషాలు చెంపకీ కణతకీ పట్టు. కొన్ని వారాలు తేగలూ చెరుకూ వద్దు. ఆ తీసేసిన పంటి చోట పన్ను కట్టించుకుని రెండు పక్కలా నమలడం మొదలుపెట్టు.

భోజనం కాగానే వేసుకునే ఆ వక్కపొడి మాత్రం ఈ రోజే ఆపెయ్యరా, బతిమాలుకుంటున్నాను. వక్క బుగ్గ లోపలి పొరని బిరుసు చేస్తుంది, కీలు బాగున్నా నోరు తెరుచుకోదు, అది క్యాన్సర్‌కి దారి తీసే జబ్బు. దాంట్లో నేను చూసిన మొహాలు నీకు చెప్పలేను.

చెల్లెమ్మా, నీకొక పని. వీడు రాత్రిపూట పళ్లు కొరుకుతున్నాడేమో రెండు మూడు రోజులు విని చెప్పు. నులిపురుగులని అత్తయ్య అంటారేమో, అది కాదమ్మా, పెద్దవాళ్లలో ఎక్కువగా మనసులోని ఒత్తిడీ నిద్ర సరిగా లేకపోవడమూ. కొరుకుతున్నాడని తేలితే పళ్ల మీదికి రాత్రి తొడుగు చేయించాలి.

మీ అత్త సంక్రాంతికి జంతికలు పంపుతానంది. నేనే ఆపి సున్నుండలు చేయించాను, మెత్తగా ఉంటాయి. బుధవారం రాయ్‌పూర్ వచ్చే మన స్కూలువాడి చేతికిస్తాను. ఈ ఉత్తరం అందిన రోజే అద్దం ముందు నిలబడి ఎన్ని వేళ్లు పడుతున్నాయో, గడ్డం నిటారుగా దిగుతోందో కుడికి వంకర పోతోందో చూసి రాయి.

నీ
మూడో బెంచీ బావ